గుడారం బండి

మన ఊళ్ళ నుంచి చుట్టాలొస్తే, "మీకేమండీ, కొండలూ జలపాతాల మధ్య ఉంటున్నారు" అంటారు. నిజమే, ఉంటున్నాం. కానీ ఈ కోరాపుట్, రాయగడ జిల్లాల్లో స్థిరపడిన మన తెలుగు కుటుంబాల్లో ఆ కొండల మధ్య ఒక్క రాత్రి గడిపిన ఇల్లాలు ఎంతమంది? పొద్దున్నే పులిహోర డబ్బాలు కట్టుకుని బయల్దేరడం, మధ్యాహ్నానికి చేరడం, నాలుగు ఫొటోలు తీసుకుని చీకటి పడకుండా ఇంటికి పరుగెత్తడం. ఇదీ మన విహారం. కుర్రాళ్ళు మోటారు సైకిళ్ళ మీద వెళ్ళి దేవమాలి మీద గుడారాలేసుకుని పడుకుని వస్తున్నారు. ఆడవాళ్ళు, పెద్దవాళ్ళు మాత్రం వాళ్ళు తెచ్చిన ఫొటోలు చూసి సంతోషించాలి.

కారణం అడిగితే చలి అంటారు, దోమలంటారు, మోకాళ్ళంటారు. అసలు కారణం వేరు, అది ఎవరూ పైకి అనరు. మా అత్తగారికి డెబ్బై నాలుగేళ్ళు. ఆరేడేళ్ళుగా రెండు గంటలకి మించిన ప్రయాణమంటే ఆవిడ ఏదో ఒక వంకతో ఆగిపోతున్నారు. బయల్దేరే రోజు పొద్దున్నుంచి మంచినీళ్ళు ముట్టరు. మా ఆవిడ ఒకరోజు చాటుగా చెప్పేదాకా నాకు సంగతి తెలియలేదు. దారిలో మరుగుదొడ్డి ఉండదన్నదే ఆవిడ భయం. కార్తీకమాసంలో గుప్తేశ్వరం వెళ్ళి, తొందర లేకుండా దర్శనం చేసుకుని రావాలన్న కోరిక ఆవిడకి ఎన్నాళ్ళ నుంచో ఉంది. అది తీరకుండా ఉన్నది డబ్బు లేక కాదు, బండి లేక కాదు.

మా గుడారం బండి పుట్టుక అక్కడే. నేను బోరిగుమ్మ బ్రాంచిలో ఉన్నాను. మా బావమరిది జయపురంలో వ్యాపారం. వాడి దగ్గర పాత మహీంద్రా జీపు ఒకటి ఉంది. దాని వెనక తగిలించుకునే రెండు చక్రాల ట్రైలర్ ఒకటి, రోడ్డు పనుల కాంట్రాక్టరు ఒకాయన కాగితాలతో సహా అమ్ముతున్నాడని తెలిసింది. "బావా, దీన్ని ఇల్లు చేసేద్దాం" అన్నాడు వాడు. నేను బీకాం చదివినవాణ్ణి. నాకు ఇరుసుకీ ఇడ్లీ పాత్రకీ మధ్య తేడా మాత్రమే తెలుసు. అయినా లెక్కలన్నీ నా వంతు, ఇనప పని వాడి వంతు అనుకుని మొదలుపెట్టాం.

ఈ చిన్న ట్రైలర్‌కి పెద్ద చరిత్రే ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలోకి అమెరికా దిగకముందే ఆ దేశ సైన్యానికి 1940లో మొట్టమొదటి జీపు నమూనా తయారుచేసి ఇచ్చింది బాంటమ్ అనే చిన్న కంపెనీ. తీరా పెద్ద ఆర్డర్లు విల్లీస్, ఫోర్డ్ కంపెనీలకి వెళ్ళిపోయాయి. బాంటమ్ వాళ్ళకి మిగిలినవాటిలో ముఖ్యమైనది ఆ జీపు వెనక లాగే పావు టన్ను ట్రైలర్. ఆలోచన ఒకరిది, ఆర్డరు మరొకరిది! బ్యాంకు ఉద్యోగంలో ఇలాంటి కథలు నేను చాలా చూశాను. ఏమైతేనేం, ఆ ట్రైలర్‌ని బుర్రపెట్టి చేశారు. జీపుకీ దానికీ ఒకే కొలత చక్రాలు పెట్టారు, ఒక స్పేర్ చక్రం ఉంటే రెండింటికీ సరిపోతుంది. వాగులో దింపితే తేలేటట్టు తొట్టి కట్టారు. మన దేశంలో మహీంద్రా వాళ్ళు విల్లీస్ జీపులు బిగించడం 1947లో మొదలుపెట్టారు. తరవాత ఆ నమూనా ట్రైలర్లూ ఇక్కడ వాడుకలోకి వచ్చాయి. మాకు దొరికింది అలాంటిదే. ఆరడుగుల పొడవు, నాలుగడుగుల లోపు వెడల్పు. వెనక పలక కిందికి వాలుతుంది, అది మాకు బాగా కలిసొచ్చింది.

అన్నట్టు, బండి మీద గుడారం మోసుకుని ఈ కొండల్లో తిరగడం కొత్త సంగతేం కాదు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా ఈ ప్రాంతమంతా మద్రాసు ప్రెసిడెన్సీ కింద విశాఖపట్నం జిల్లాలోనే ఉండేది. అప్పటి దొరలు ఏజెన్సీలో క్యాంపు కచేరీలు పెట్టుకుంటూ తిరిగేవారు. డేరాలు, మంచాలు, వంట సామాను ఎడ్లబండ్ల మీదా, బండి వెళ్ళని చోట మనుషుల నెత్తిన కావళ్ళ మీదా నడిచేవి. దొరకి స్నానపు డేరా కూడా విడిగా వేసేవారట. ఆ డేరా మోసినవాడు ఎక్కడ పడుకున్నాడో మాత్రం ఎవరూ రాసినట్టు లేదు.

ఇక పనిలోకి వద్దాం. బోరిగుమ్మ అంటే మూడు దారుల కూడలి. బర్‌గఢ్ వైపు నుంచి నవరంగపురం మీదుగా వచ్చే 26వ నంబరు జాతీయ రహదారి జయపురం, కోరాపుట్, సాలూరు దాటి విజయనగరం వైపు పోతుంది. కోట్‌పాడ్, జగదల్‌పూర్ వైపు పోయే 63వ నంబరు రహదారి మొదలయ్యేది ఇక్కడే. దాని రెండో చివర మన నిజామాబాద్ జిల్లా బోధన్! పాతవాళ్ళు ఇప్పటికీ దీన్ని 43వ నంబరు రోడ్డనే అంటారు. లారీలు ఆగే ఊరు కాబట్టి వెల్డింగు షెడ్లకీ, కమాన్లు కట్టేవాళ్ళకీ కొదవ లేదు. ఇరుసు బేరింగులు మార్చి గ్రీజు పెట్టించాం. తుప్పు పట్టిన కమాన్ పట్టీలు తీసి కొత్తవి వేయించాం. జీపు వెనక తగిలించే కొక్కెం విషయంలో మాత్రం మేస్త్రీ మాటే విన్నాం. కార్లకి పెట్టే గుండు కొక్కెం తారు రోడ్డుకి బాగుంటుంది. కొండదారిలో జీపు ఒకవైపు, ట్రైలర్ మరోవైపు ఒరిగినప్పుడు కావలసింది సైన్యం వాళ్ళు వాడే కొక్కెమూ కడియమూ. కడియం కొక్కెంలో కదులుతూ ఉంటుంది కాబట్టి మెలిపడినా విరగదు. దానికి తోడు రెండు గొలుసులు, ఒకదాని మీదుగా ఒకటి అడ్డంగా పోయేటట్టు తగిలించాం. కొక్కెం ఊడినా నొగ నేలకి కుచ్చుకోకుండా ఆ గొలుసులు ఊయల్లా పట్టుకుంటాయి.

తరవాత నా వంతు వచ్చింది. ఈ ట్రైలర్ ఖాళీ బరువు సుమారు 250 కిలోలు. కొండదారిలో దాని మీద వేయదగిన బరువు 500 పౌన్లు, అంటే మన లెక్కలో 225 కిలోలకి కాస్త పైన. నేను 225 దగ్గర గీత గీశాను. పక్కింటి ధాన్యం వ్యాపారి కాటా తెచ్చి, ఎక్కించబోయే ప్రతి వస్తువూ తూచి లెడ్జరులో రాశాను. ప్లైవుడ్ మూత, సొరుగులు కలిపి 52. గుడారాలు, పైపులు 44. మరుగుదొడ్డి గుడారం, కుర్చీ 9. ఇరవై లీటర్ల నీళ్ళ డబ్బాలు మూడు, 63. పక్కబట్టలు 26. చిన్న గ్యాసు బండ, పొయ్యి 14. బియ్యం పప్పులు, గిన్నెలు 22. పనిముట్లు, తాళ్ళు, పార 18. అత్తగారికి మడత మంచం 11. మొత్తం 259. ముప్ఫై నాలుగు కిలోలు ఓవర్‌డ్రాఫ్టు!

"మంచం తీసేస్తే?" అన్నాడు బావమరిది. వాడి తల్లి వాడి వంక చూసిన చూపు నేను వర్ణించలేను. కింద కూర్చుంటే ఇద్దరు పట్టుకుని లేపాల్సిన మనిషికి మంచం విలాసం కాదు. నా లెక్కలో అది కదిలించరాని పద్దు, మరుగుదొడ్డి కుర్చీ కూడా అంతే. మిగతావాటి మీద పడ్డాం. ఊళ్ళలో బోరింగు నీళ్ళు దొరుకుతాయి కాబట్టి ఒక డబ్బా తగ్గించాం, 21 పోయింది. జాకీ, స్పానర్లు జీపులో ఎలాగూ ఉన్నాయి, 7 పోయింది. ఇత్తడి గిన్నెల బదులు తేలిక గిన్నెలు పెట్టడానికి మా ఆవిడ ఒప్పుకుంది, 6 పోయింది. ఖాతా టాలీ అయింది.

బరువు ఎంతన్నది ఎంత ముఖ్యమో, ఎక్కడున్నదీ అంతే ముఖ్యం. ఎడ్లబండి తోలినవాళ్ళకి చెప్పక్కర్లేదు. ముందు బరువైతే ఎద్దుల మెడలు పుండ్లు పడతాయి, వెనక బరువైతే కాడి పైకి లేచి మెడ తాళ్ళు గొంతుకి బిగుస్తాయి. ట్రైలర్‌కీ అదే సూత్రం. మొత్తం బరువులో పదో వంతు నొగ మీద ఉండాలి. మాది 475 కిలోలు కాబట్టి 47 దగ్గర. నొగ చివర కాటా మీద పెట్టి, నీళ్ళ డబ్బాలు ఒక జానెడు ముందుకీ వెనక్కీ జరిపి ఆ అంకె తెచ్చాం. నీళ్ళు బాగా బరువు కాబట్టి ఇరుసుకి సరిగ్గా పైన, తొట్టి అడుగున. వెనక బరువెక్కువైతే దిగుడులో ట్రైలర్ పాములా ఊగడం మొదలుపెడుతుంది, అప్పుడు బ్రేకు తొక్కితే ఇంకా ప్రమాదం. దీనికి విడిగా బ్రేకుల్లేవు. ఐరోపా దేశాల్లో కూడా 750 కిలోల లోపు ట్రైలర్లకి బ్రేకులు తప్పనిసరి కాదు. అయితే పొట్టంగి నుంచి సాలూరు దిగే ఘాటు రోడ్డుకి ఐరోపా రూళ్ళు తెలియవు కదా! ఏ గేరులో ఎక్కుతామో ఆ గేరులోనే దిగడం మా నియమం. వెనక వచ్చే లారీవాడు హారన్ కొడితే కొట్టనీ.

కాగితాల గురించి రెండు మాటలు. ఇలాంటివి చేయించుకునేవాళ్ళు చాలామంది ఇక్కడ తప్పటడుగు వేస్తున్నారు. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం ట్రైలర్‌కి కూడా రిజిస్ట్రేషన్ కావాలి. దాని నంబరు దాని పక్కన కనపడాలి, లాగే బండి నంబరు ట్రైలర్ వెనక కనపడాలి. 52వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ కాగితంలోని వివరాలకీ, తయారీదారు చెప్పిన వివరాలకీ తేడా వచ్చేటట్టు బండిని మార్చకూడదు. అందుకే మేం తొట్టి కొలతలు, ఇరుసు ముట్టుకోలేదు. మూత, సొరుగులు, గుడారం అన్నీ నట్లు విప్పితే ఊడొచ్చే సామాను. బీమా కంపెనీకి రాసి ఇచ్చి, జవాబు చేతిలో పడ్డాకే ప్లైవుడ్ కొన్నాం. నడుస్తున్నప్పుడు ట్రైలర్‌లో ఎవరూ కూర్చోరు, పిల్లలు ఎంత ముచ్చటపడినా సరే.

గుడారం దగ్గర మేం లోకం పోకడకి ఎదురెళ్ళాం. ఆస్ట్రేలియాలో ఉన్న మనవాళ్ళకి తెలుసు, అక్కడ ఇలాంటి ట్రైలర్లు ఇంటింటి సరుకు. ఇప్పుడు మన దగ్గర కూడా బండి నెత్తిన గుడారం పెట్టి నిచ్చెనేసుకుని ఎక్కడం ఫ్యాషనైంది. నిచ్చెన ఎక్కి పడుకున్న పెద్దావిడ రాత్రి రెండింటికి దిగాలంటే ఏం చేస్తుంది? కాబట్టి ట్రైలర్ మూతని పుస్తకంలా తెరిచి, ఆ బల్ల మీద మా ఆవిడా అమ్మాయీ పడుకునే ఏర్పాటు చేశాం. దానికి ఆనించి, నేల మీద నిలువెత్తు గది లాంటి రెండో గుడారం అత్తగారికి. గుమ్మం దగ్గర గడప కూడా లేదు, జిప్పు తీస్తే నడిచి లోపలికి వెళ్ళడమే. నేనూ బావమరిదీ జీపులోనో, బయట బరకం కిందో.

కాన్వాసు కుట్టింది జయపురంలో శామియానాలు కుట్టే సాయిబుగారు. కొత్త నూలు కాన్వాసుని వాడకముందు ఒకసారి బాగా తడిపి ఆరబెట్టాలని ఆయనే చెప్పారు. తడికి దారాలు ఉబ్బి సూది బెజ్జాలు పూడుకుంటాయి. వానలో లోపలి నుంచి గుడ్డని వేలితో తాకకూడదు, తాకిన చోట నీరు దిగుతుంది. నూలు తాళ్ళు తడిస్తే బిగుస్తాయి, వాన పట్టేటట్టుంటే పడుకునేముందు వదులు చెయ్యాలి. నేల గుడ్డని గోడలకి కలిపి కుట్టించాం, కిటికీలకి దోమతెర వేయించాం. కోరాపుట్ మలేరియాకి పేరుమోసిన జిల్లా. 2017లో ఒడిశా ప్రభుత్వం మారుమూల ఊళ్ళ కోసం 'దమన్' కార్యక్రమం మొదలుపెట్టాక బాగా తగ్గింది గానీ, దోమతెర మానేసేంత ధైర్యం నాకు లేదు.

సొరుగులు వెనక పలక వైపు తెరుచుకుంటాయి. పలక వాల్చితే అదే వంటబల్ల. ఎర్రదుమ్ము దూరకుండా కారు తలుపులకి వేసే రబ్బరు బీడింగు అంటించాం. గ్యాసు బండని మాత్రం సొరుగులో పెట్టలేదు. ఆ గ్యాసు గాలికంటే బరువు, కారితే మూసిన పెట్టె అడుగున చేరి కూర్చుంటుంది. అందుకని నొగ మీద కమ్మీల బుట్టలో, ఆరుబయట.

మరుగుదొడ్డి గుడారం మూడడుగుల చదరం, ఆరున్నర అడుగుల ఎత్తు. మందుల షాపుల్లో దొరికే మడత కమోడ్ కుర్చీ, కింద గొయ్యి. వాగుకీ నూతికీ కనీసం రెండు వందల అడుగుల దూరంలో, జానెడు లోతు తవ్వి, వాడిన ప్రతిసారీ మన్ను కప్పాలి, వచ్చేటప్పుడు పూడ్చి చదును చెయ్యాలి. చేతికందేటట్టు ఒక పట్టుకొమ్మ, ఒక టార్చి, ఒక చెంబు. ఇంతే. మొత్తం బండికైన ఖర్చు అరవై వేల లోపు. అందులో దీని వాటా రెండు వేలు కూడా లేదు. కానీ ఈ రెండు వేలు లేకపోతే మిగతా ఖర్చుకి అర్థం లేదు.

మొదటి రాత్రి జనవరిలో దేవమాలి దగ్గర. ఒడిశాలోకెల్లా ఎత్తయిన కొండ అది, 1672 మీటర్లు. చలి ఎముకలు కొరికింది. అత్తగారు నాతో, "బాబూ, ఒక కుంపటి లోపల పెట్టించు. మా చిన్నప్పుడు కుంపటి పక్కనే పడుకునేవాళ్ళం, ఏమైంది?" అన్నారు. ఆవిడ చెప్పింది అబద్ధం కాదు. కానీ ఆ ఇల్లు నాటు పెంకుల ఇల్లు. పెంకుల సందుల్లోంచి గాలి ఆడేది. మా గుడారం నేలతో సహా కుట్టేసినది. బొగ్గులు రాజుకుంటూ ఉంటే వచ్చే కార్బన్ మోనాక్సైడుకి రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, మగత, ఆ పైన నిద్రలోనే ప్రాణం పోతుంది. మూసిన గదుల్లో కుంపటి పెట్టుకుని ఇలా పోయినవాళ్ళ వార్తలు ప్రతి చలికాలం పేపర్లో చూస్తూనే ఉన్నాం. కుంపటి బయటే ఉంటుందని చెప్పాను. అల్లుడితో వాదించడం మర్యాద కాదని ఆవిడ ఊరుకున్నారు గానీ, కొడుకుని మాత్రం "ఒరేయ్, మీ బావకి పెద్దవాళ్ళ మాటంటే లెక్కలేదురా" అని నాకు వినపడేటట్టే అన్నారు. కుంపటి మీద నీళ్ళు కాచి, రబ్బరు సంచిలో పోసి, గుడ్డ చుట్టి పాదాల దగ్గర పెట్టాం. మంచం మీద పరుపు కింద రెండు గోనెలు పరిచాం, చలి ఎక్కువగా వచ్చేది కింది నుంచే. తెల్లారి అడిగితే, "పరవాలేదు, నిద్ర పట్టింది" అన్నారు. ఆవిడ నోట అది ఫస్ట్ క్లాసు మార్కు.

ఆ కార్తీకంలో గుప్తేశ్వరం వెళ్ళాం. అడవిలో డేరా వెయ్యడానికి అటవీశాఖ అనుమతి కావాలి. అందుకని జయపురం నుంచి బైపరిగూడ మీదుగా వెళ్ళి, రామగిరి దగ్గర ఒక రైతుని అడిగి, కోత అయిన మడి పక్క మెరక మీద దిగాం. ఇరవై ఏళ్ళుగా ఇక్కడుంటూ నేర్చుకున్న దేశియా మాటలు అక్కడ అక్కరకొచ్చాయి. రైతు భార్య వచ్చి మా చిన్న గుడారం చుట్టూ రెండుసార్లు తిరిగి, లోపలికి తొంగి చూసి, అత్తగారి వంక తిరిగి నవ్వింది. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి సగమే వచ్చు. చాలాసేపు మాట్లాడుకున్నారు.

ఆ సాయంత్రం అత్తగారు రెండుసార్లు అడిగి మరీ టీ తాగారు. మా ఆవిడ నా వంక చూసింది, నేనేమీ అనలేదు.

మర్నాడు తెల్లవారుజామునే జీపులో బయల్దేరాం, ట్రైలర్ రైతు దొడ్డిలోనే ఉంచి. ఇంకా జనం రాలేదు. గుహ దాకా మెట్లున్నాయి. పది మెట్లకోసారి కూర్చుంటూ, మా అమ్మాయి భుజం పట్టుకుని అత్తగారు ఎక్కారు. ఎంతసేపు పట్టిందో నేను గడియారం చూడలేదు. సాయంత్రానికి ఇల్లు చేరాలన్న తొందర లేదు కదా. దర్శనమయ్యాక కొలాబ్ నది ఒడ్డున గంటసేపు కూర్చున్నారు. ఈ నదే కిందికి వెళ్ళాక శబరి అయి, కూనవరం దగ్గర గోదావరిలో కలుస్తుందని మా అమ్మాయి చెబితే, "అయితే ఇది మనదేగా" అని, ఒంగలేక, చెంబుతో నీళ్ళు తెప్పించుకుని నెత్తిన జల్లుకున్నారు.

తిరిగి వచ్చాక పని ఉంది. గుడారం ఎంత పొడిగా కనపడినా రెండు రోజులు ఎండలో ఆరాలి, లేకపోతే బూజు పట్టి వాసనేస్తుంది. బేరింగు గ్రీజు చూడాలి, ఎగుడు దిగుడులకి వదులైన నట్లన్నీ ఒకసారి బిగించాలి. ఈమధ్య మా సంఘంలో ఇద్దరు ముగ్గురు అరువడిగారు, ఇస్తున్నాం. తూకం పట్టీ మూత లోపలి వైపు అంటించి ఉంది, దాని ప్రకారమే ఎక్కించాలన్నది ఒక్కటే షరతు.

అత్తగారి దగ్గర కొత్త పద్దు తయారుగా ఉంది. పోపుల పెట్టెకి విడిగా ఒక సొరుగు కావాలట. ఈసారి 63వ నంబరు రోడ్డు పట్టుకుని జగదల్‌పూర్ మీదుగా చిత్రకూట్ జలపాతానికి వెళ్ళాలట. సొరుగు బరువు రెండు కిలోలు. ఏది తగ్గించాలో నేనింకా తేల్చలేదు.